పట్టుకునే మనిషి

పశువైద్యశాఖలో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు ఫోను చేసి, "సార్, మీ సర్వీసులో మరచిపోలేని కేసు ఒకటి చెప్పండి" అని అడుగుతుంటారు. వారు ఏమి ఆశిస్తున్నారో నాకు తెలుసు. గుడిబండ గుట్టల్లో చిరుత చీల్చిన ఆవును బతికించి ఉంటాననీ, పెనుకొండ దగ్గర అడ్డం తిరిగిన దూడను వర్షంలో బయటికి తీసి ఉంటాననీ వారి ఊహ. అటువంటివి నాకూ ఒకటి రెండు ఉన్నాయి. కాని చెప్పగా చెప్పగా అవి అరిగి, నిజంకంటె నునుపుదేరి, ఇప్పుడు ఎవరివో కథలవలె వినిపిస్తున్నాయి. అందుచేత వాటిని పక్కనబెట్టి, ధర్మవరంలో ఒక ఆడకుక్క తొడమీది పుండును గురించి చెబుతాను. వినడానికి అల్పమైన విషయమే. ఆ పుండు మానకపోతే ఒక మనిషికి పలకరించే ప్రాణి లేకుండా పోయి ఉండేదన్నంత మాత్రమే దాని గౌరవం.

ఉద్యోగంలో చివరి కొన్నేళ్లు నేను ధర్మవరం పశువుల ఆసుపత్రిలో గడిపాను. మా యింటావిడ అప్పటికే కాలం చేసింది. హిందూపురంలో ఇంటికి తాళం వేసి, రైల్వేస్టేషనుకు సమీపాన ఒక మిద్దెగది అద్దెకు తీసుకున్నాను. చిన్ననాట మా తాతగారివద్ద కావ్యపాఠం చెప్పుకున్నవాణ్ని కావడంచేత, పద్యం కంటబడితే గొంతెత్తి చదవడం నాకు ఒక వ్యసనం. ఆ గదిలో మొదటి నెలల్లో చదివాను కూడా. అయితే పద్యం ముగిసిన తరువాత నాలుగు గోడలనడుమ మిగిలే నిశ్శబ్దం ఎంత విశాలమైనదో క్రమంగా బోధపడింది. పుస్తకం మూసి పెట్టెలో పెట్టాను. ఆసుపత్రి మూసేశాక సాయంకాలాలు నేతగాళ్ల వీధుల్లో నడవడం అలవాటు చేసుకున్నాను. ఇంటింటా మగ్గం ఆడుతూ ఉండేది. ఒక మగ్గం చప్పుడు వెనుకబడేసరికి మరొకటి ఎదురయ్యేది. లోపలి మనుషులు నాకు తెలియకపోయినా, మనుషులున్నారన్న సంగతి చెవికి తెలిసేది. అంతటితో తృప్తిపడి గదికి చేరేవాణ్ని.

ఆసుపత్రిలో నాకు తోడు మా అటెండరు. తాడిమర్రి వైపు పల్లెనుంచి వచ్చిన ముసల్మాను. వాళ్ల నాయన సంతల్లో ఎద్దుల బేరాలు చేసినవాడు గనుక పశువును ఒడిసిపట్టే విద్య అతనికి ఇంట్లోనే అబ్బింది. పొడిచే ఎద్దయినా, తన్నే ఎనుమయినా, ఎనుమంటే గేదె, అతడు చెయ్యి వేస్తే నిలిచేది. అతని నోరు మాత్రం నిలిచేది కాదు. రోగులు తక్కువగా ఉన్న పూట నేను కిటికీలోనుంచి చూస్తూ కూర్చుంటే, "ఏం సార్, ఎనుములు రాకపోతే మీకు బెంగ పెట్టుకుంటాండాదా? పోయి ఒగదాన్ని తోలుకోని వస్తా, ఉండండి" అనేవాడు.

ఒక వేసవి ఉదయం, మగ్గం నేసే ఒక మనిషి ఆటోలోనుంచి దిగాడు. నడివయసు దాటినవాడు. చేతుల్లో పాత పంచెలో చుట్టిన కుక్క. నాటుకుక్కే, గోధుమరంగుది. అది తలకూడా ఎత్తడం లేదు.

"ఏమప్పా, ఏమైంది?" అన్నాను.

"పుండు మానిపోయినాది సార్. అయినా కూడు ముట్టల్యా. ఒళ్లు చూస్తే కాలిపోతాండాది."

"మానిపోయిన పుండయితే ఇక్కడికెందుకు తెచ్చినట్టు?"

"అదే సార్ నాకూ తెలకుండా ఉండాది."

బల్లమీద పంచె విప్పి చూశాను. వెనుక తొడమీద వెంట్రుకలు చక్కగా కత్తిరించి ఉన్నాయి. జానెడు పొడవున ఒక సన్నని గీత. కళ్లజోడు సవరించుకొని వంగితే గాని అది కుట్టు అని తెలియలేదు. ఇన్నేళ్ల ఉద్యోగంలో ఎన్నో పొట్టలు కోసి కుట్టినవాణ్ని. అంత సమంగా, అంత సన్నగా, ముడి ఎక్కడ పడిందో కంటికి అందనట్టుగా నేను ఒక్కనాడూ కుట్టి ఎరుగను. మా అటెండరు కూడా తల వంచి చూశాడు.

"సార్, ఈయప్ప కుక్కకు అంచు నేసినాడు. జరీ ఒగటే తక్కువ."

ఆ మనిషి ముఖంలో ఒక చిన్న గర్వరేఖ మెరిసింది. "వీధికుక్కలు అన్నీ జేరి చీల్చేసినాయి సార్. పుండు ఇంత నోరు తెరుచుకోని ఉండె. తెగిన పోగు కండ్లకు కనపడితే అతకకుండా యాడ ఉండేది మేము? సూదిని నీళ్లలో కాంచి, మెత్తని పట్టుపోగు తీసి కుట్టినా. చూడండి, వేలితో తడిమినా ముడి దొరకదు."

నేను వేలితో తడిమాను. ముడి దొరకలేదు గాని, చర్మం కింద వేడి దొరికింది. తొడంతా బిగిసి, నొక్కితే లోపల కదులుతూ ఉంది. కుక్క చిన్నగా మూలిగింది.

కొత్తగా చేరిన మీరు పుస్తకాల్లో చదివే ఉంటారు, అయినా చెబుతాను. పన్ను దిగిన గాయం పైకి కనిపించినంత చిన్నది కాదు. పంటితోపాటు మురికి లోతుకు పోయి కూర్చుంటుంది. దాని నోరు తెరిచి ఉంచితేనే ఆ చెడు బయటికి పోతుంది. మాంసం అడుగునుంచి పైకి పూడుకుంటూ రావాలి, చర్మం చివర కలవాలి. మొదటే పైన మూసివేస్తే పైకి మానినట్టు ఉంటుంది, లోపల కుళ్లు కూడుతుంది. ఈ మాట నేను ఆయనకు తేటగా విడమరచి చెప్పాను. ఆయన తల ఊపాడు. ఆ ఊపడంలో అంగీకారంకంటె మర్యాదే ఎక్కువ.

మత్తు సూది వేసి, కత్తెర తీసుకున్నాను.

"కోసేస్తాండారా సార్?"

"కోయాలి."

"అన్నీనా?"

"అన్నీ."

ఆయన గోడవైపు తిరిగి నిలబడ్డాడు. చీమూ నెత్తురూ చూడలేక తిరిగాడని మొదట అనుకున్నాను. కాని కత్తెర కింద ఒక్కొక్క పోగు తెగిన చప్పుడుకల్లా ఆయన భుజం అదురుతూంటే అసలు సంగతి అర్థమైంది. చివరి పోగు తెగగానే లోపలిది ఒక్కసారిగా బయటికి వచ్చింది. గదంతా దుర్వాసన. ఎప్పుడూ ఏదో ఒకటి అనే మా అటెండరు కుక్క చెవిని మెల్లగా నిమురుతూ నిలబడ్డాడు.

పుండు కడిగి, వెర్రికుక్క రోగం రాకుండా టీకా వేసి, ఆయన చేతులకూ కుక్కల ఎంగిలి తగిలి ఉంటుంది గనుక ఆ పూటే పెద్దాసుపత్రికి పోయి తానూ టీకా వేయించుకోవాలని గట్టిగా చెప్పాను. తరువాత ఇంటిదగ్గర చేయవలసినది చెప్పాను. కాచి చల్లార్చిన ఉప్పునీళ్లతో ఉదయం, సాయంత్రం లోతుదాకా కడగాలి. మందు వేయాలి. నాకనివ్వకూడదు. ఈగ వాలనివ్వకూడదు.

"ఇది ఒంటిచేతిమీద అయ్యే పని కాదప్పా. ఒకరు తల ఒడిసి పట్టుకోవాలి, ఒకరు కడగాలి. ఇంట్లో పట్టుకోవడానికి ఎవరున్నారు?"

ఆయన కుక్కను పంచెలో చుట్టుకుంటూ, నా ముఖం చూడకుండా, "ఉండారు సార్" అన్నాడు.

మరునాడూ ఆ తరువాతా సూదిమందుకోసం ఆయన కుక్కను తెచ్చేవాడు. నాకకుండా దాని మెడకు గరాటువంటిది ఒకటి తొడగమన్నాను. దానికి ఆయన మగ్గంమీద వాడే పాత డిజైను అట్టల్ని, ఆ చిల్లులు పొడిచిన అట్టల్ని, వరసగా దారంతో అల్లి గుండ్రంగా చేసి తొడిగాడు. మా అటెండరు ఆనందానికి అవధి లేదు. "ఏ డిజైనప్పా ఇది? హంసలా, మామిడిపిందెలా?" అని అడిగాడు. "నెమిలి" అన్నాడు ఆయన గంభీరంగా. "నడుముకాడ అట్ట ఒగటి పోయింది. అందుకే నేసేకి పనికిరాదు."

గరాటు అందంగానే ఉంది, పుండు మాత్రం అందంగా లేదు. పైపైన శుభ్రంగా ఉండేది, లోతులో మురికి అలాగే ఉండేది. కడిగే నీళ్లు అడుగుదాకా పోవడంలేదని స్పష్టంగా తెలుస్తూ ఉంది. "కడుగుతాండావా?" అంటే "కడుగుతాండా సార్" అనేవాడు. ఆయన ముంజేతులమీద కొత్త గోటిగీతలు మాత్రం రోజురోజుకూ పెరుగుతున్నాయి.

ఆయన వెళ్లాక అటెండరు బల్ల తుడుస్తూ అన్నాడు: "ఈయప్ప ఇంట్లో ఎవురూ లేరు సార్. పెండ్లాం పోయింది, పిల్లల్లేరు. ఆ వీధి టీకొట్టాయన చెప్పినాడు."

"ఉన్నారన్నాడే?"

"అట్ల మొగం మీద అడిగితే ఉండారనక ఏమంటాడు సార్? నేనైనా అదే అంటా."

ఆ సాయంకాలం నడకకు బయలుదేరి, టీకొట్టాయనను అడిగి, ఆ ఇంటికి వెళ్లాను. వాకిలి తెరిచే ఉంది. లోపల గుంటమగ్గం. దాని గుంజకు కుక్క మెడను గుడ్డతో కట్టి, నడుమును తన మోకాళ్లమధ్య ఇరికించుకొని, ఒక చేత్తో చెంబు, ఒక చేత్తో దూది పట్టుకొని ఆయన అవస్థ పడుతున్నాడు. నీళ్లు పుండుమీద తప్ప తక్కిన అంతటా పడ్డాయి. నన్ను చూసి లేవబోయాడు.

"ఇంట్లోవాళ్లు బయటికి..." అని మొదలుపెట్టి ఆగిపోయాడు.

చెప్పులు విడిచి, కింద కూర్చొని, గుడ్డ విప్పి కుక్క తలను చంకలోకి తీసుకున్నాను. "నువ్వు కడుగు" అన్నాను. ఈసారి నీళ్లు లోతుదాకా దిగాయి. కుక్క నా మోచేతిలో ముక్కు దూర్చి వణికింది గాని పెనుగులాడలేదు.

ఆనాటినుంచి ప్రతి సాయంకాలమూ నేను అక్కడికే. ఉదయంపూట ఆసుపత్రికి వచ్చే దారిలో మా అటెండరు అక్కడ ఆగి, కుక్కను పట్టుకొని, కడగడం అయ్యాక వచ్చేవాడు. ఆదివారాలు నేను హిందూపురం పోవడం మానుకున్నాను. అక్కడ తాళం తీసి వేయడంకంటె నాకు వేరే పని లేదు గనుక అది త్యాగం కాదు.

ఆ ఇంట్లో నా కళ్లు పదేపదే పోయేవి రెండు చోట్లకు. మగ్గం దగ్గర ఆయన కూర్చునే చోటుకు పక్కన మరొకరు కూర్చునే చోటు ఉంది. దానిమీద మడిచిన గోనెపట్టా ఉంది గాని కూర్చునేవారు లేరు. ఇక పక్కగోడలో ఒక తలుపు ఉండవలసిన చోట, గార పూయని కొత్త ఇటుకలు ఉన్నాయి. ఆ ఇటుకల వెనుకనుంచి ఇంకొక మగ్గం చప్పుడు నిలకడగా వినవస్తూ ఉండేది.

ఒకనాడు పుండు కడగడం అయ్యాక, అడగకుండానే ఆయన చెప్పాడు.

"మాది కుట్టుచీర సార్. ఒళ్లు ఒగ రంగు, అంచు ఇంగొగ రంగు. నేను ఒంటికి నాడె వేస్తే, పక్కన ఇంగొకరు కూచోని అంచుకు వేయల్ల. నా పెండ్లాం వేస్తాండె. ఆయమ్మ పోయినాంక మా తమ్ముని పెండ్లాం వచ్చి కూచునేది. ఈ గోడ అవతల వాళ్లిల్లే. తమ్ముని పెండ్లాన్ని పేరు పెట్టి పిలిచేది మా ఇండ్లలో ల్యా. మనిషి కావల్లంటే పోగు తోసే ఈ చెక్క నాడెతో గుంజమీద టక్కుటక్కుమని కొడతా. ఆడ తన మగ్గం ఆపేసి వచ్చేస్తాండె. మంచి చేతులు సార్ ఆయమ్మవి."

"మరి ఈ ఇటుకలు?"

ఆయన కుక్క మెడలోని నెమలి గరాటును సరిచేశాడు.

"ఎదురింటాయప్ప ఒగనాడు నలుగురిలో అన్న్యాడు. 'ఏమబ్బా, నీ తమ్ముడు నీకు ఒట్టి మగ్గమే ఇచ్చినాడా, ఇల్లాలిని గూడా ఇచ్చినాడా?' అని. అందరూ నవ్వినారు. ఆ పొద్దే ఇటుకలు తెచ్చి తలుపు మూసేసినా. మల్లా గుంజమీద కొట్టల్యా."

"తమ్ముడేమన్నాడు?"

"ఏమనల్యా. ఏమన్నా అనింటే బాగుండు సార్. ఇప్పుడు అంతా ఒగటే రంగు చీరలు నేస్తాండా. అంచుకు మనిషి అక్కర్లేనివి."

గోడ అవతలి మగ్గం చప్పుడు కాసేపు విన్నాము. ఆయనే మళ్లీ, "మీరు ఇంత పొద్దైనా ఇంటికి పోకుంటే ఇంట్లో ఏమనుకోరా సార్?" అన్నాడు.

"ఏమనుకోరు" అన్నాను. అది అక్షరాలా సత్యం.

పుండు అడుగున ఎర్రని కొత్త మాంసం చిగురులాగా కనిపించసాగింది. కుక్క లేచి తిరగడం, కూడు తినడం మొదలుపెట్టింది. నేను తలుపు దగ్గర కనబడగానే అట్టల గరాటుతోసహా వచ్చి నా మోకాలిని గుద్దేది. ఒక సాయంకాలం దాన్ని ఒళ్లో పెట్టుకొని కూర్చుని, నాకు తెలియకుండానే ఒక పద్యం పైకి చదివాను. ఆయన దూది పిండుతూ ఆగి, "ఏమి సార్ అది, మంత్రమా?" అని అడిగాడు. "కాదప్పా, ఊరికే" అన్నాను.

అటువంటి సమయంలో తాడిమర్రి మండలంలో గాలికుంటు టీకాల క్యాంపు వచ్చింది. తెల్లవారినప్పటినుంచి నేనూ, అటెండరూ ఒక పల్లెలో పశువుల మధ్య ఉన్నాము. ఆ ఉదయం పుండు కడిగే పని తప్పిందన్న ఎరుక నన్ను గుచ్చుతూనే ఉంది. సాయంత్రానికి పోయి చూసుకోవచ్చులే అనుకున్నాను. ఎండ నడినెత్తికి వచ్చిన వేళ ఫోను మోగింది.

"సార్, పురుగులు పడినాయి."

గొంతు ఆయనదే గాని గుర్తుపట్టలేనట్టుగా ఉంది.

"ఎక్కడ?"

"లోపల సార్. నిన్న మీరు పోయినాంక కట్టుగుడ్డ జారిపోయింది, నేను చూసుకోల్యా. కదలతాండాయి. కుక్క అరుస్తాండాది."

వేసవిలో ఈగ వాలిన పచ్చిపుండు సంగతి మీకు చెప్పనక్కరలేదు. ఆ పురుగులు మాంసాన్ని తొలుచుకుంటూ లోపలికే పోతాయి. అది లోతైన పుండు. సాయంత్రానికి అవి ఎముకను చేరుతాయి. చేరితే కాలు పోతుంది, కాలుతో ఆగకపోవచ్చు. ఆసుపత్రిలో ఆ రోజు ఎవరూ లేరు, మేమిద్దరమూ ఇక్కడ ఉన్నాము. ఆ పల్లెకు సాయంత్రందాకా బస్సు లేదు, క్యాంపు వదిలినా నేను ధర్మవరం చేరేసరికి పొద్దు వాలుతుంది.

"నేనిచ్చిన పురుగుల మందు ఉందా?"

"ఉండాది."

"సన్న పట్టకారు?"

"చీరమీద పురిపోగులు ఏరేది ఉండాది సార్."

"అయితే ఇప్పుడే తీయాలి. నేను వచ్చేదాకా ఆగవద్దు. ఫోను స్పీకరులో పెట్టు, నేను చెబుతాను. పట్టుకోవడానికి ఎవరినయినా పిలు."

ఫోనులో, గోడ అవతలి ఆ పరిచితమైన మగ్గం చప్పుడు సన్నగా నాకు వినబడుతూనే ఉంది.

"తమ్ముడున్నాడా?" అన్నాను.

"ల్యాడు సార్. చీరలు తీసుకోని బెంగుళూరికి పోయినాడు."

"వీధిలో ఎవరయినా?"

"అడిగినా సార్. పురుగుల కుక్కను ఎవురు ముట్టుకుంటారు? ఊరి బయట విడిచిపెట్టి రాపో అన్న్యారు."

ఇక నేను అడగడానికి ఏమీ లేదు. మగ్గం ఆడుతున్నదంటే ఆ గోడ అవతల ఎవరున్నారో ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. పిలవమని చెప్పే అధికారం నాకు లేదు. ఒక మనిషి పరువును పణంగా పెట్టి కుక్కను బతికించుకొమ్మని ఏ వైద్యశాస్త్రం చెబుతుంది?

మా అటెండరు అప్పుడు ఒక ఎనుమును ముకుతాడు పట్టి నిలబెట్టి ఉన్నాడు. ఆ ఇటుకల కథ నానోట ముందే విన్నవాడు గనుక, నా మాటలనుబట్టే సంగతంతా గ్రహించి, అక్కడినుంచే ఫోనులోకి అరిచాడు: "ఏమప్పా! ఎదురింటాయప్ప నోటికి భయపడి ఇటుకలు కట్టినావు, సరే. ఆ ఇటుకలు వచ్చి కుక్కను పట్టుకుంటాయా? కొట్టప్పా గుంజమీద!"

ఫోనును ఎక్కడో పెట్టిన చప్పుడు. పిలుపు మాత్రం తెగలేదు. కుక్క మూలుగు. అవతలి మగ్గం. ఆ తరువాత చెక్కమీద చెక్క తగిలిన చప్పుడు ఒకటి, ఎంత మెల్లగానంటే అది పొరబాటున తగిలిందేమో అనిపించేంత మెల్లగా. కొంచెం ఆగి, మళ్లీ. ఈసారి గట్టిగా. టక్కు టక్కు.

అవతలి మగ్గం ఆగిపోయింది.

ఇంతకుముందెన్నడూ మగ్గం ఆగిన నిశ్శబ్దాన్ని నేను అంత శ్రద్ధగా విని ఎరుగను. మా అటెండరు ముకుతాడు సంగతి మరచి నా దగ్గరికి వచ్చి, ఫోనుకు చెవి ఆనించాడు. ఆమె రాదేమో అనుకున్నాను. రావాలంటే గోడలో తలుపు లేదు. వీధిలోకి వచ్చి, ఎదురింటివాళ్ల కళ్లముందునుంచే ఈ వాకిట్లో అడుగుపెట్టాలి. ఆ కొద్దిదూరం ఎంత పొడవైనదో ఆ వీధిలో బతికేవాళ్లకు తెలుస్తుంది.

వాకిలి కిర్రుమంది. ఆడగొంతు ఒకటి వినబడింది, ఎక్కడో ఆగిపోయిన సంభాషణను ఆగినచోటినుంచే అందుకున్నట్టుగా.

"యాడ పట్టుకోవల్ల బావా?"

నేనే ఫోనులోనుంచి గట్టిగా చెప్పాను: మూతికి మెత్తని గుడ్డ కట్టాలి, తలను చంకలోకి తీసుకోవాలి, ముందుకాళ్లు ఒక చేత్తో అదిమిపట్టాలి. "ఎవురు బావా అది మాట్లాడేది?" అని ఆమె అడిగింది. "డాక్టరు సారు" అన్నాడాయన. "సరే సార్, పట్టుకున్న్యా. కదలాకు అమ్మీ, కదలాకు. మీ యమ్మ నిన్ను ఎట్ల సాకింది, నువ్వెట్లయినావే!" అని కుక్కను కసిరింది. ఆ కుక్కను ఇంటికి తెచ్చినది ఆయన భార్య అని నాకు అప్పుడే తెలిసింది.

మందు పోయించి, కొంచెం ఆగి, పైకి తేలినవాటిని ఏరమన్నాను. చీరమీది పురిపోగును పక్కపోగు కదలకుండా ఏరే చేతులు అవి. ఒక్కొక్కటే తీసి నీళ్లలో వేస్తూంటే, "ఆడ ఇంగొగటి బావా, అంచుకు, నీకు కనపడల్యా" అని ఆమె చూపిస్తూ ఉంది. "కనపడింది, ఉండు" అంటున్నాడాయన. ఇద్దరూ చీరమీద వంగినట్టే మాట్లాడుకుంటున్నారు. నేను చెప్పవలసినది ఏమీ మిగలలేదు. అయినా ఫోను పెట్టేయలేదు.

"సార్," అన్నాడు మా అటెండరు నెమ్మదిగా, "మన ఎనుము పోయింది."

చూస్తే నిజమే. సగం వీధి దాన్ని తరుముతూ ఉంది.

సాయంకాలం ధర్మవరంలో దిగి నేరుగా ఆ ఇంటికి వెళ్లాను. వాకిలి తెరిచి ఉంది. మగ్గం పక్క గోనెపట్టామీద ఆమె కూర్చొని కుక్క తలను పట్టుకొని ఉంది. ఆయన కడుగుతున్నాడు. పుండులోకి తొంగి చూశాను, శుభ్రంగా ఉంది. ఆయన లేచి నాకు పీట వేసి, "ఈ పొద్దు మీరు ఊరికే కూచోండి సార్" అన్నాడు. ఊరికే కూర్చున్నాను. ఆమె కాచి ఇచ్చిన టీ తాగాను. ఎదురింటి అరుగుమీద ఎవరో దగ్గారు. లోపల ఎవరూ తల ఎత్తలేదు. ఒడి ఖాళీగా ఉంటే చేతులు ఎక్కడ పెట్టుకోవాలో నాకు తోచలేదు.

తరువాత కొన్నాళ్లు వెళ్లాను. పనిలేదని తెలిసి తగ్గించుకున్నాను. పిమ్మట మానుకున్నాను. మళ్లీ వీధుల నడకే. ఆ ఇంటిముందుకు వచ్చినప్పుడు అడుగు కొంచెం నెమ్మదించేది, అంతే. గోడకు రెండువైపులా ఆడే మగ్గాల్లో ఒకటి ఆగడం, రెండో దాని చప్పుడు మారి, రెండు నాడెల చప్పుడుగా ఆడటం నా చెవికి తెలిసేది.

నేను పదవీవిరమణ చేయడానికి కొద్దిముందు ఆయన కుక్కను నడిపించుకొని ఆసుపత్రికి వచ్చాడు. అది నన్ను వాసన చూసి, తోక ఆడించి, అటెండరు దగ్గరకు పోయింది. పుండు మానిన చోట వెంట్రుక మొలవని ఒక వెడల్పాటి మచ్చ, ముడతలు పడి ఉంది.

"మా తమ్ముడు బెంగుళూరినుంచి వచ్చినాంక ఇటుకలు తీసేసినాడు సార్. నేను తీయల్యా, వాడే తీసినాడు. ఒగ మాట అనల్యా, గడ్డపార తీసుకున్న్యాడు, తీసేసినాడు. ఎదురింటాయప్ప చూస్తానే ఉన్న్యాడు." మచ్చను చూపిస్తూ అన్నాడు: "ఏమన్నా అనండి సార్. మీ పని చూడండి, ఎంత వికారంగా ఉండాదో. నేను కుట్టింది ఎంత బాగుండె!"

"బాగుండింది" అన్నాను. నిజంగానే అంత మంచి కుట్టును నేను మళ్లీ చూడలేదు.

ఇప్పుడు హిందూపురంలో తాళం తీసిన ఇంట్లో ఉంటున్నాను. మీరు ఫోను చేసి గాయాల సంగతి అడిగినప్పుడు, ఏ మందు వేశారని నేను మొదట అడగను. ఇంటిదగ్గర పట్టుకోవడానికి ఎవరున్నారని అడుగుతాను. మీకది విసుగ్గా ఉంటుందని తెలుసు. "ఉన్నారు" అని వాళ్లు చెప్పినంతమాత్రాన నమ్మవద్దనీ, వీలయితే ఒక సాయంకాలం పోయి చూసి రమ్మనీ చెబుతాను.

మొన్న పెనుకొండవైపు కొత్తగా చేరిన డాక్టరమ్మ ఒకరు ఫోను చేసింది. ఒంటరిగా ఉండే ఒక అవ్వ, ఆమె కుక్క, దాని చెవిలో పుండు. నేను చెప్పినట్టే తాను స్వయంగా పోయి చూసి వచ్చిందట. పక్కింటి కోడలిని పట్టుకోవడానికి కుదిర్చి వచ్చిందట. చాలాసేపు మాట్లాడింది. నాకు సంతోషం కలిగింది. ఫోను పెట్టేయబోతూ, ఏదో తోచినట్టు ఆగి, "సార్, మీ ఇంట్లో ఎవరున్నారు?" అని అడిగింది.

కిటికీ అవతల పొద్దు వాలుతూ ఉంది.

"ఉన్నారమ్మా" అన్నాను.